చుక్కలో ఏముంది?

రేఖాగణితం పుస్తకం తెరవగానే మనకు మొదట ఎదురయ్యేది బిందువు. పెన్సిలు మొనను కాగితానికి ఆనించి, దానికి 'క' అని ఒక పేరు పెట్టి, వెంటనే రేఖలకూ త్రిభుజాలకూ వెళ్లిపోతాం. ఆ తరువాత దాని సంగతి ఎవరూ పట్టించుకోరు. కాని గణిత శాస్త్రజ్ఞులు ఆ చుక్కను రెండువేల మూడువందల ఏళ్లుగా వదిలిపెట్టలేదు. ఈనాటి పరిశోధనల్లో కూడా అది కనిపిస్తూనే ఉంది. పొడవు, వెడల్పు, మందం ఏవీ లేని దానితో ఇంత పని ఏమిటి? ఆ సంగతే ఇప్పుడు తెలుసుకుందాం.

పెన్సిలు చుక్క బిందువేనా?

మీ నోటుపుస్తకంలో పెట్టిన చుక్కను ఒకసారి భూతద్దంతో చూడండి. అంచులు గరుకుగా ఉన్న నల్లని మచ్చ కనిపిస్తుంది. దాని అడ్డుకొలత అర మిల్లీమీటరు ఉందనుకుందాం. ఆ మచ్చకు ఎడమ అంచు ఒక చోట, కుడి అంచు ఇంకొక చోట ఉన్నాయి. కాబట్టి ఆ ఒక్క చుక్కలో ఎన్నో చోట్లు ఉన్నాయన్నమాట! పెన్సిలును ఎంత సన్నగా చెక్కినా ఇంతే. మనం కాగితం మీద పెట్టేది బిందువుకు గుర్తు మాత్రమే.

మరి అసలు బిందువు ఏది? క్రీ.పూ. 300 ప్రాంతంలో గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ 'ఎలిమెంట్స్' అనే గ్రంథం రాశాడు. అందులో మొట్టమొదటి నిర్వచనమే బిందువు గురించి. భాగాలు లేనిది బిందువు అని దాని సారాంశం. వినడానికి బాగానే ఉంది. కాని 'భాగం' అంటే ఏమిటని అడిగితే? దానికి ఇంకొక మాట కావాలి. ఆ మాటకు మరొకటి కావాలి. నిఘంటువులో ఒక మాటకు అర్థం వెతుక్కుంటూ పోతే తిరిగి తిరిగి మొదటి మాట దగ్గరకే వచ్చినట్లు అవుతుంది.

ఈ చిక్కును జర్మనీ గణితజ్ఞుడు డేవిడ్ హిల్బర్ట్ 1899లో ఒక పద్ధతిలో విడదీశాడు. రేఖాగణితపు పునాదుల మీద రాసిన పుస్తకంలో ఆయన బిందువును నిర్వచించనే లేదు! బిందువు, రేఖ, తలం అనే మూడు మాటలను అలాగే తీసుకుని, వాటి మధ్య ఉండవలసిన సంబంధాలను మాత్రం స్వీకృతాలుగా రాశాడు. "వేరువేరు రెండు బిందువుల గుండా ఒకే ఒక సరళరేఖ పోతుంది" అనేది అలాంటి ఒక సంబంధం. బిందువులు, రేఖలు, తలాలు అనే మాటల బదులు బల్లలు, కుర్చీలు, బీరు గ్లాసులు అని పెట్టుకున్నా రేఖాగణితం చెడిపోకూడదని ఆయన అనేవాడని చెప్పుకుంటారు.

ఇది మనకు కొత్తేమీ కాదు. చదరంగంలో గుర్రం పోయిందనుకోండి. దాని స్థానంలో ఒక చింతపిక్క పెట్టుకుని ఆడతాం. ఆట ఏమీ మారదు. గుర్రాన్ని గుర్రంగా చేసేది దాని చెక్క కాదు, అది ఎలా నడుస్తుందన్న నియమం. బిందువు కూడా అంతే. ఒంటరిగా ఉన్న బిందువు గురించి చెప్పడానికి ఏమీ లేదు. మిగతా బిందువులతో దానికున్న సంబంధం ఏమిటని అడిగినప్పుడే అసలు కథ మొదలవుతుంది. ఆ సంబంధాలు ఎన్ని రకాలో ఒక్కొక్కటే చూద్దాం.

చోటుకు చిరునామా

మొదటి సంబంధం దూరం. 1637లో ఫ్రాన్సు దేశస్థుడు రెనె డెకార్ట్ రేఖాగణితాన్నీ బీజగణితాన్నీ కలిపే దారి వేశాడు. ఆ దారినే మీరు పై తరగతుల్లో నిరూపక జ్యామితి పేరుతో చదువుకుంటారు. రెండు అక్షాలు గీస్తే తలం మీది ప్రతి బిందువుకూ రెండు సంఖ్యల చిరునామా దొరుకుతుంది. (3, 4) అంటే మూలబిందువు నుంచి కుడికి 3, పైకి 4. మూలబిందువు నుంచి దాని దూరం ఎంత? పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం 3² + 4² = 25. కాబట్టి దూరం 5.

గది లోపలి దీపం చోటు చెప్పాలంటే మూడు సంఖ్యలు కావాలి. మరి నాలుగు సంఖ్యలు రాస్తే? (1, 2, 2, 4) అనే బిందువును బొమ్మగా గీయలేం. అయినా మూలబిందువు నుంచి దాని దూరం లెక్క కట్టవచ్చు. 1 + 4 + 4 + 16 = 25. దూరం మళ్లీ 5! కంటికి కనిపించని చోట కూడా లెక్క ఆగదు. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత పనికి వస్తుంది.

గీతలో ఎన్ని బిందువులు?

ఒక సెంటీమీటరు గీత గీయండి. దాని రెండు చివరల మధ్య ఒక మధ్యబిందువు ఉంది. ఆ మధ్యబిందువుకూ ఒక చివరకూ మధ్య ఇంకొకటి ఉంది. ఇలా ఎంతసేపు పోయినా, ఎంత దగ్గరగా ఉన్న రెండు బిందువుల మధ్యనైనా మరొకటి దొరుకుతూనే ఉంటుంది. అంటే గీత మీద 'పక్క బిందువు' అనేది లేదు! పూసల దండలో ఒక పూస పక్కన ఇంకొక పూస ఉన్నట్లు బిందువులు ఉండవు.

ఒక సెంటీమీటరు గీతలో ఎక్కువ బిందువులు ఉన్నాయా, పది సెంటీమీటర్ల గీతలోనా? పొడవైన గీతను కింద గీయండి. పొట్టి గీతను దానికి సమాంతరంగా పైన గీయండి. రెండింటి ఎడమ చివరలను కలుపుతూ ఒక సరళరేఖ, కుడి చివరలను కలుపుతూ ఒక సరళరేఖ గీసి పైకి పొడిగిస్తే అవి ఒక శీర్షం దగ్గర కలుస్తాయి. ఇప్పుడు ఆ శీర్షం నుంచి కింది గీతకు గీసిన ప్రతి రేఖా పై గీతను ఒక చోట, కింది గీతను ఒక చోట తాకుతుంది. పై బిందువుకు కింద ఒక జత, కింది బిందువుకు పైన ఒక జత. ఎవరూ మిగలలేదు. పెళ్లి భోజనంలో ప్రతి విస్తరి ముందూ ఒక మనిషి, ప్రతి మనిషి ముందూ ఒక విస్తరి ఉంటే, లెక్క పెట్టకుండానే రెండూ సమానమని చెప్పగలం కదా! అలాగే ఈ రెండు గీతల్లోనూ బిందువులు సమానమే.

జర్మనీలో పనిచేసిన గేయార్గ్ కాంటర్ ఇంకా సాహసమైన ప్రశ్న వేశాడు. గీతలో ఉన్నన్ని బిందువులే చదరంలోనూ ఉంటాయా? "ఉండవు" అని ఎవరైనా అంటారు. చదరానికి వైశాల్యం ఉంది, గీతకు లేదు. కాని 1877లో కాంటర్ ఉంటాయని చూపాడు! ఆయన ఉపాయం ఇది. గీత మీది ఒక బిందువు చిరునామా 0.362951... అనుకుందాం. బేసి స్థానాల్లోని అంకెలు 3, 2, 5... వాటితో 0.325... తయారవుతుంది. సరి స్థానాల్లోని అంకెలు 6, 9, 1... వాటితో 0.691... తయారవుతుంది. ఈ రెండూ కలిస్తే (0.325..., 0.691...) అనే చదరపు బిందువు చిరునామా వచ్చింది. తిరుగు ప్రయాణం కూడా తేలికే. రెండు సంఖ్యల అంకెలను ఒకటి విడిచి ఒకటి పేర్చితే చాలు.

ఈ సంగతిని కాంటర్ తన స్నేహితుడు రిచర్డ్ డెడికిండ్‌కు ఉత్తరంలో రాశాడు. డెడికిండ్ అందులో ఒక లోపం పట్టుకున్నాడు. 0.5000... అన్నా 0.4999... అన్నా ఒకటే బిందువు. ఒకే బిందువుకు రెండు పేర్లు ఉంటే జతలు తారుమారవుతాయి. కాంటర్ మరో పద్ధతి తీసుకుని ఆ లోపం సరిచేశాడు. ఫలితం మాత్రం నిలిచింది. తాను నిరూపించిన దాన్ని తానే నమ్మలేకపోతున్నానన్న ధోరణిలో ఆయన డెడికిండ్‌కు రాశాడు.

ఇప్పుడు గట్టి చిక్కు వచ్చి పడింది. గీతలోనూ చదరంలోనూ బిందువులు ఒకే లెక్క అయితే గీతకూ చదరానికీ తేడా ఎక్కడ ఉంది? పొడవుకు ఒక కొలత, తలానికి రెండు కొలతలు అని చిన్నప్పటి నుంచి చెప్పుకున్నదంతా వట్టిదేనా?

ఇరుగుపొరుగు పోయింది

కాంటర్ అంకెల ఆటనే మళ్లీ చూడండి. గీత మీద 0.499999, 0.500000 అనే రెండు బిందువులు తీసుకుందాం. వాటి మధ్య దూరం ఒకటిలో పదిలక్షల వంతు మాత్రమే. చదరంలోకి వెళితే మొదటిది (0.499, 0.999), రెండవది (0.500, 0.000) అవుతాయి. మొదటిది చదరం పై అంచుకు, రెండవది కింది అంచుకు చేరాయి! పక్కపక్క ఇళ్లవాళ్లు ఊరి రెండు కొసలకూ విసిరివేసినట్లు పడ్డారు. జనాభా సరిపోయింది, కాని ఇరుగుపొరుగు చెదిరిపోయింది.

అంటే బిందువులను లెక్కించడం చాలదు. ఏ బిందువుకు ఏవి దగ్గరగా ఉన్నాయన్నదీ చూడాలి. దగ్గరి బిందువులు దగ్గరగానే ఉండేటట్లు, చింపకుండా, వేరుగా ఉన్నవాటిని అతికించకుండా ఒక ఆకారాన్ని సాగదీస్తే ఏ లక్షణాలు మిగులుతాయి? ఈ ప్రశ్నను చదివే గణితశాఖ పేరు టోపాలజీ. దీనిలో పొడవులకూ కోణాలకూ లెక్కలేదు. రబ్బరు పట్టీతో చేసిన వృత్తాన్ని లాగి త్రిభుజం చేసినా టోపాలజీకి అది పాత ఆకారమే.

ఇక్కడ ఒకే ఒక్క బిందువు గొప్ప పరీక్షకురాలిగా పనిచేస్తుంది. ఆకారం నుంచి ఒక బిందువును తీసివేయండి. మిగిలింది ఎన్ని ముక్కలైందో చూడండి. అంతే!

గీత మధ్యలోని బిందువును తీసివేస్తే గీత రెండు ముక్కలవుతుంది. వృత్తం నుంచి ఏ బిందువును తీసినా మిగిలింది ఒకటే ముక్క; తెగిన గాజును చూడండి, అది వంగిన కడ్డీలా ఒకటిగానే ఉంటుంది. కూడిక గుర్తు '+' నుంచి నడిమి బిందువు తీస్తే నాలుగు ముక్కలు. '8' అంకె నుంచి నడిమి బిందువు తీస్తే రెండు.

ఇక చదరం. దాని నుంచి ఏ ఒక్క బిందువు తీసినా అది ఒకటే ముక్కగా ఉంటుంది. ఎందుకంటే లోపలి ఏ రెండు చోట్ల మధ్య ప్రయాణం చేస్తున్నా, దారిలో ఆ చిల్లు అడ్డం వస్తే పక్కనుంచి చుట్టి పోవచ్చు. గీత మీద అలా చుట్టి పోవడానికి చోటు లేదు.

కాంటర్ వేసిన చిక్కుముడి ఇప్పుడు విడిపోయింది. ఇరుగుపొరుగు చెదరకుండా గీతను చదరంగా, చదరాన్ని గీతగా మార్చగల ఉపాయం ఒకటి ఉందనుకుందాం. గీత మధ్యబిందువును తీసివేయండి. చదరంలో దాని జతగా ఉన్న బిందువునూ తీసివేయండి. గీత రెండు ముక్కలైంది, చదరం ఒక్కటిగా ఉంది. ఒకటిగా ఉన్నదాన్ని చింపకుండా రెండు ముక్కలుగా మార్చలేం. కాబట్టి అలాంటి ఉపాయం ఉండదు! గీతకూ చదరానికీ తేడా ఉన్నదని ఒక్క బిందువును తీసి నిరూపించాం.

చదరానికీ ఘనానికీ తేడా చూపడానికి ఈ పరీక్ష చాలదు. ఒక బిందువు తీస్తే రెండూ ఒకటే ముక్కగా ఉంటాయి. అన్ని కొలతలకూ చెల్లే నిరూపణను డచ్చి గణితజ్ఞుడు బ్రౌవర్ 1911లో ప్రకటించాడు. కాంటర్ ఉత్తరం తరువాత 34 ఏళ్లు పట్టిందన్నమాట.

కదలని బిందువు

ఆ కాలంలోనే బ్రౌవర్ ఇంకొక గొప్ప ఫలితం కనుక్కున్నాడు. దానికి ముందు ఒక చిన్న సమస్య చూడండి.

ఒకాయన పొద్దున ఆరు గంటలకు కొండ కింద బయలుదేరి మెట్లదారిన పైనున్న గుడికి మధ్యాహ్నానికి చేరాడు. దారిలో కూర్చున్నాడు, నీళ్లు తాగాడు, ఒక్కోచోట వేగంగా నడిచాడు. మరునాడు పొద్దున ఆరు గంటలకు పైన బయలుదేరి అదే దారిన దిగాడు. రెండు రోజులూ సరిగ్గా ఒకే వేళకు ఆయన ఉన్న మెట్టు ఒకటి తప్పక ఉంటుందా?

ఉంటుంది! రెండు ప్రయాణాలూ ఒకే రోజున ఇద్దరు మనుషులు చేస్తున్నారనుకోండి. ఒకరు ఎక్కుతున్నారు, ఇంకొకరు దిగుతున్నారు. దారి ఒకటే కాబట్టి ఎక్కడో ఒకచోట ఎదురుపడక తప్పదు. ఆ చోటు ఏదో మనకు తెలియదు. కాని ఉన్నదని మాత్రం గట్టిగా తెలుసు.

ఇలాంటిదే తలం మీద జరిగే కథ. ఒకే కొలత గల రెండు కాగితాలు తీసుకుని ఒకదాన్ని బల్లమీద పరచండి. రెండోదాన్ని చింపకుండా ఉండగా నలిపి, మొదటిదాని అంచులు దాటకుండా దాని మీద పెట్టండి. నలిగిన కాగితంలో ఒక బిందువైనా, కింది కాగితంలో తన అసలు చోటుకు సరిగ్గా పైననే ఉంటుంది! దీనికి స్థిరబిందువు అని పేరు. బ్రౌవర్ సిద్ధాంతం ఇలాంటి బిందువు తప్పక ఉంటుందని హామీ ఇస్తుంది.

ఇది వినోదం కోసం మాత్రమే కాదు. 1950లో అమెరికాకు చెందిన జాన్ నాష్ పలువురు పోటీపడే ఆటలను గురించి ఆలోచించాడు. ఆటగాళ్లందరి ఎత్తుగడలనూ కలిపి ఒక జాబితాగా రాస్తే ఆ జాబితా ఒక బిందువు. ఎవరికి వారు తమ ఒక్కరి ఎత్తు మార్చుకున్నందువల్ల ఇంకేమీ లాభం రాని స్థితి అందులో ఒక స్థిరబిందువు. అలాంటి స్థితి ఉంటుందని ఆయన స్థిరబిందు సిద్ధాంతం సహాయంతోనే నిరూపించాడు. ఆర్థిక శాస్త్రంలో ఇది ఎంతగానో ఉపయోగపడింది. 1994లో నాష్‌కు ఆ శాస్త్రంలో నోబెల్ బహుమతి పంచి ఇచ్చారు.

భూమి ఒక బిందువు, ఊరు ఒక బిందువు

ఇంతవరకు బిందువు అంటే ఒక చోటు. నాష్ లెక్కలో అది ఒక జాబితా అయింది. అనువర్తిత గణితంలో జరిగేది ఇదే. ఒక పెద్ద వస్తువునే బిందువుగా తీసుకుంటారు.

1687లో న్యూటన్ తన 'ప్రిన్సిపియా' గ్రంథంలో, నిండు గోళం బయటి వస్తువును ఆకర్షించేటప్పుడు దాని ద్రవ్యరాశి అంతా కేంద్రంలోనే ఉన్నట్లు ప్రవర్తిస్తుందని నిరూపించాడు. గోళంలో పదార్థం కేంద్రం చుట్టూ అన్ని దిక్కులా ఒకేలా పరచుకుని ఉండాలి. అంతే షరతు. దానితో చంద్రుడి దారి లెక్కించేటప్పుడు కొండలూ సముద్రాలూ ఉన్న ఇంత భూమి ఒక్క బిందువైంది!

1736 నాటి వ్యాసంలో ఆయిలర్ ఇంకో పని చేశాడు. ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్ పట్టణంలో నది పాయల మధ్య నాలుగు భూభాగాలు, వాటిని కలుపుతూ ఏడు వంతెనలు ఉండేవి. ఆ ఊరు ఇప్పుడు రష్యాలోని కలినిన్‌గ్రాద్. ప్రతి వంతెననూ ఒక్కొక్కసారే దాటుతూ ఊరంతా తిరిగి రావచ్చా? ఆయిలర్ ఒక్కొక్క భూభాగానికి ఒక అక్షరం పెట్టి, దానికి ఎన్ని వంతెనలు తగులుతున్నాయో మాత్రమే చూశాడు. ఒక భూభాగానికి 5, మిగతా మూడింటికి మూడేసి. దారి మధ్యలో ఉన్న భూభాగంలోకి ఒక వంతెన మీద వస్తే ఇంకొకదాని మీద పోవాలి. కాబట్టి వంతెనలు జతలు జతలుగా ఉండాలి. బేసి సంఖ్య ఉండగలిగేది మొదలుపెట్టిన చోటా ముగించిన చోటా మాత్రమే. ఇక్కడ నాలుగు చోట్లా బేసి! అందుచేత అలాంటి నడక అసాధ్యం. ఈ భూభాగాలను చుక్కలుగా, వంతెనలను గీతలుగా వేసే బొమ్మ తరువాతి కాలంలో వాడుకలోకి వచ్చింది.

న్యూటన్ భూమి నుంచి కొండలను వదిలేశాడు. ఆయిలర్ ఊరి నుంచి వీధులను వదిలేశాడు. వదిలినవి ఆ ప్రశ్నకు అక్కరలేనివి కాబట్టే జవాబు సరిగా వచ్చింది.

పుర్రెలు, నాణేలు, ఒక తెలుగు శాస్త్రజ్ఞుడు

ఏది వదలాలి, ఏది ఉంచాలి, దూరాన్ని ఎలా కొలవాలి? ఈ ప్రశ్నలకు గొప్ప జవాబులు చెప్పినవారిలో సి.ఆర్. రావుగారు ఒకరు. పూర్తి పేరు కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో చదువుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు.

1946లో ఆయనను కేంబ్రిడ్జికి పిలిపించారు. సూడాన్‌లోని జెబెల్ మోయా అనే చోట తవ్వకాల్లో బయటపడిన ప్రాచీన అస్థిపంజరాల కొలతలను పరిశీలించి, ఆ జనానికి ఏ ప్రాంతాల వాళ్లతో దగ్గరి పోలిక ఉందో తేల్చాలి. పుర్రె పొడవు, వెడల్పు, ఎత్తు... ఇలా ఎన్ని కొలతలుంటే అన్ని సంఖ్యల చిరునామాగల ఒక బిందువు అవుతుంది ఆ పుర్రె. గీయలేకపోయినా దూరం లెక్క కట్టవచ్చని ముందే అనుకున్నాం కదా!

కాని ఏ దూరం? ఒక ఊహా ఉదాహరణ చూడండి. ముగ్గురు విద్యార్థుల ఎత్తు, చేయి పొడవు సెంటీమీటర్లలో: రాము (150, 60), సోము (160, 64), భీము (150, 64). మామూలు దూరం లెక్కిస్తే రాముకూ భీముకూ మధ్య 4. రాముకూ సోముకూ మధ్య 100 + 16 = 116కు వర్గమూలం, అంటే దాదాపు 10.8. భీమే దగ్గరివాడని తేలింది. అయితే ఎత్తు పెరిగితే చేయి కూడా పెరగడం సహజం. రాము, సోముల్లో చేయి ఎత్తులో సరిగ్గా 0.4 వంతు. భీముకు ఎత్తుకు మించిన చేయి ఉంది. శరీరపు తీరు మన ప్రశ్న అయితే రాముకు సోమే దగ్గరివాడు! ఒకదానితో ఒకటి కలిసి పెరిగే కొలతలను రెండుసార్లు లెక్కలోకి రాకుండా చూసే దూరాన్ని మహలనోబిస్ 1936లో ప్రతిపాదించారు. జెబెల్ మోయా పనిలో రావుగారు వాడింది ఆ దూరాన్నే.

దానికి ముందే, 1945లో, పాతికేళ్ల వయసులో రావుగారు ఇంకా లోతైన పని చేశారు. నాణెం ఎగరేస్తే బొమ్మ పడే సంభావ్యత 0.50 ఉన్న నాణెం ఒకటి, 0.51 ఉన్నది ఒకటి. ఇంకో జత 0.98, 0.99. రెండు జతల్లోనూ తేడా 0.01. కాబట్టి దూరం ఒకటేనా? పదివేలసార్లు ఎగరేసి చూద్దాం. మొదటి జతలో 5,000 బొమ్మలు, 5,100 బొమ్మలు పడతాయని ఎదురుచూస్తాం. కాని సరిగ్గా అన్నే పడవు. 50 దాకా అటూ ఇటూ కావడం మామూలే. రెండో జతలో 9,800, 9,900. ఇక్కడ మామూలు ఊగిసలాట 14, 10 మాత్రమే. ఊగిసలాటతో పోలిస్తే మొదటి జతలో 100 తేడా రెండింతలే. రెండో జతలో ఏడు నుంచి పదింతలు. అంటే రెండో జత నాణేలను వేరుపరచడం చాలా తేలిక. కనుక అవి ఒకదానికొకటి ఎక్కువ దూరంలో ఉన్నట్లు!

సంభావ్యతా సూత్రం ఒక్కొక్కటీ ఒక బిందువు. రెండింటిని ఎంత తేలికగా వేరుచేసి గుర్తించగలమో దాన్ని బట్టి వాటి దూరం. ఇది రావుగారి ఆలోచన. ఆ లెక్కన రెండో జత దూరం మొదటి జతకు దాదాపు నాలుగు రెట్లు. ఈ దూరానికి ఇప్పుడు ఫిషర్-రావు దూరం అని పేరు. దీని మీద పెరిగిన గణితశాఖను ఇన్ఫర్మేషన్ జ్యామితి అంటారు. రావుగారు 2023లో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అదే సంవత్సరం ఆయనకు సాంఖ్యకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి లభించింది.

చుక్కల గుంపుకు ఆకారం ఉంటుందా?

బిందువుకు ఆకారం లేదు. కాని బిందువుల గుంపుకు ఉండవచ్చు. 5 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీసి, దాని మీద సమాన దూరాల్లో 8 చుక్కలు పెట్టి, వృత్తాన్ని చెరిపివేయండి. ఇప్పుడున్నవి 8 విడి చుక్కలే. ప్రతి చుక్క చుట్టూ ఒక చిన్న వృత్తం గీసి లోపల రంగు వేసి, అన్నింటినీ సమానంగా పెంచుతూ పోండి. వ్యాసార్థం సుమారు 1.9 సెంటీమీటర్లు కాగానే పక్కపక్కవి తాకి, నడుమ ఖాళీ ఉన్న ఒక చక్రం ఏర్పడుతుంది. ఆ ఖాళీ 5 సెంటీమీటర్ల దాకా ఉండి అప్పుడు పూడిపోతుంది. 1.9 నుంచి 5 దాకా, అంతసేపు నిలిచిన ఖాళీ కాబట్టి, ఈ చుక్కల వెనుక ఒక వృత్తం ఉందని అనుమానించవచ్చు. క్షణంలో పుట్టి క్షణంలో పూడే ఖాళీలను పట్టించుకోనక్కరలేదు. టోపాలజీని ఇలా సమాచారం మీద ప్రయోగించే పద్ధతులు గత కొన్ని దశాబ్దాల్లో బాగా పెరిగాయి.

ఈ కోవకే చెందిన మరొక పద్ధతితో మోనికా నికొలావ్, ఆర్నల్డ్ లెవిన్, గున్నార్ కార్ల్‌సన్ 2011లో రొమ్ము కాన్సర్ గడ్డలను పరిశీలించారు. ఒక్కొక్క రోగి గడ్డ ఒక్కొక్క బిందువు. గడ్డలోని జన్యువులు ఎంత చురుకుగా పనిచేస్తున్నాయో చెప్పే సంఖ్యలే దాని చిరునామా. బిందువుల గుంపు ఆకారంలో ఒక కొమ్మ విడిగా చాచుకుని ఉన్నట్లు కనిపించింది. ఆ కొమ్మ మీదివారిని విడదీసి చూస్తే, వారంతా బతికి బయటపడినవారే, వ్యాధి మరో అవయవానికి పాకనివారే! అంతకుముందు వాడే గుంపుచేసే పద్ధతుల్లో వీరు ఒక గుంపుగా కనిపించలేదు.

మనిషి గడ్డను బిందువుగా మార్చినప్పుడు ఆ మనిషి పేరు, ఊరు, కుటుంబం, భయం అన్నీ వదిలివేస్తాం. అలా వదిలినందువల్లనే కొమ్మ కనిపించింది. కాని వైద్యుడు మళ్లీ ఆ మనిషి దగ్గరకే రావాలి. అందుచేత ఎక్కడైనా చుక్కల బొమ్మ చూసినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ చుక్క చేయడానికి ఏమి వదిలేశారు? రెండు చుక్కల మధ్య దూరాన్ని దేనితో కొలిచారు?

మీరే చేసి చూడండి

1. గీత చివరి బిందువును తీసివేస్తే ఎన్ని ముక్కలవుతుంది? గీతలో ఇలాంటి బిందువులు ఎన్ని? వృత్తంలో ఎన్ని?

2. '6' అంకెలో తోక, సున్న కలిసే చోట ఉన్న బిందువును తీస్తే ఎన్ని ముక్కలు? సున్న మీది మరో బిందువు తీస్తే?

3. ఒక చదరం, దానికి రెండు కర్ణాలు, పైన త్రిభుజాకారపు కప్పు గీయండి. పెన్సిలు ఎత్తకుండా, గీసిన గీత మళ్లీ గీయకుండా ఈ ఇంటి బొమ్మ వేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబులు: 1. ఒకటే ముక్క, గీతలో రెండు బిందువులే ఇలాంటివి, వృత్తంలో అన్నీ ఇలాంటివే. 2. రెండు, ఒకటి. 3. చదరం కింది రెండు మూలల్లో ఏదో ఒకదాని దగ్గర. బేసి సంఖ్యలో గీతలు కలిసే చోట్లు అవే.